మౌనమునకై ఏ దేశము?



మీలో అనేకుల బిడ్డలు హైదరాబాదునకు పడమటి దిక్కున ఉద్యోగములు చేయుచున్నారు. క్రిస్మసు పండుగకు వారు ఇంటికి వచ్చినప్పుడు వారి కారును, వారు తెచ్చిన బట్టలను చూచి మీరు సంతోషించుచున్నారు. అది తగినదే. అయితే ఈ మధ్య వారిలో కొందరు మాబోటి గ్రామ కాపరుల యొద్దకు వచ్చి ఒక క్రొత్త ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, కొన్ని దినములు మాట లేకుండా, ఫోను లేకుండా దేవుని సన్నిధిలో కూర్చోవాలని ఉంది. బయటి దేశంలో ఏ స్థలం మంచిది?"

మా తరములో పరదేశమునకు పోయినవారు చదువుకో, కూలికో, నర్సు ఉద్యోగమునకో పోయిరి. ఊరకుండుటకు పోయినవానిని మేము ఎరుగము. కనుక ఈ ప్రశ్న విని మీకు నవ్వు రావచ్చును. నవ్వవద్దని నా మనవి. ఆకలిగొన్నవాడు అన్నము ఏ ఊరిలో దొరకునని అడిగినప్పుడు, నీ ఇంటిలో బియ్యము లేవా అని ఎగతాళి చేయుదుమా?

తెల్లాపూరు తెలియనివారికి రెండు మాటలు చెప్పెదను. లింగంపల్లి దాటి వికారాబాదు వైపు పోవు రైలు మార్గములో అది మొదటి స్టేషను. పూర్వపు మెదకు జిల్లాలోని పల్లె. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సంగారెడ్డి జిల్లాలో చేరెను. 2018లో పంచాయతీ పోయి మునిసిపాలిటీ అయ్యెను. ఇప్పుడు మహానగరము దానిని మ్రింగివేసినది. ఒకప్పుడు గొఱ్ఱెలు మేసిన బండల నడుమ ముప్పది అంతస్తుల మేడలు లేచినవి. గేటు యొద్ద కావలివాడు మన పేరు వ్రాసికొని, పైకి ఫోను చేసి, వారు సరేనన్న తరువాతనే లోపలికి విడుచును. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, ఎవరి తాలూకు అని అతడు అడిగెను. ఫలానా బాబుకు పాదిరినని చెప్పితిని. ఆ మాట వ్రాయుటకు అతని పుస్తకములో గడి లేదు. "గెస్టు" అని వ్రాసికొనెను.

నేను చూడబోయినది మా సంఘములోని ఒక విధవరాలి కుమారుని. ఈ సంగతి అతని అనుమతితోనే, పేరు చెప్పక వ్రాయుచున్నాను. చిన్ననాడు ఆదివారపు బడిలో కీర్తన ఎత్తుకొనువాడు. తల్లి రెండెకరములు కౌలుకిచ్చి, కూలికి పోయి అతనిని ఇంజనీరింగు చదివించినది. ఇప్పుడు సాఫ్టువేరు కంపెనీలో ఒక జట్టుకు పెద్ద. భార్య కూడ ఉద్యోగస్థురాలే. ఒక బిడ్డ కలదు. నేను బయలుదేరుటకు ముందు ఆ తల్లి మా గుమ్మములో నిలువబడి నన్ను అడిగినది. "అయ్యగారూ, పిలగాడు ధ్యానానికి ఫ్రాన్సు పోత, స్పెయిను పోత అంటుండు. మన గుడిల లేని దేవుడు గాడున్నడా?"

ఆమెకు అప్పుడే ఉత్తరమిచ్చుట నాకు సులభమే. దేవుడు అంతటను ఉన్నాడని చెప్పి పంపివేయవచ్చును. అయితే అంతటను ఉన్నవాడు తెల్లాపూరులో తన కుమారునికి ఎందుకు కనబడుట లేదో, ఆమె అడిగినది అది. నేను చూచి వచ్చి చెప్పెదనంటిని.

అతడు బల్లమీద మూడు కాగితములు పరచెను. మొదటిది బాలి ద్వీపములో సముద్రపుటొడ్డున ఉన్న ఒక విశ్రాంతి గృహమునది. రంగుల బొమ్మలు, ఈతకొలను, నూనె మర్దనము, నడుమ రెండు గంటలు ధ్యానము. ధర చూచి నేను కండ్లద్దములు తుడుచుకొని మరల చూచితిని. అలసిన దేహమునకు విశ్రాంతి పాపము కాదు. దానికి ధ్యానమని పేరుపెట్టి మూడింతలు తీసికొనుటయే నాకు నచ్చలేదు. దానిని ప్రక్కకు పెట్టితిమి.

రెండవది ముప్పది దినముల మౌనము. స్పెయిను దేశములో ఇగ్నేషియసు అను సైనికుడు 1521లో యుద్ధమందు ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి పడెను. మంచముమీద ఉండగా అతని హృదయము మారెను. మరుసటి సంవత్సరము మన్రేసా అను ఊరిలో కొన్ని నెలలు ప్రార్థనలో గడిపి, తన ఆత్మలో జరిగినదానిని గుర్తులు వ్రాసికొనెను. ఆ గుర్తులే తరువాత చిన్న పుస్తకమై, 1548లో పోపుగారి ఆమోదము పొందెను. అది చదువుటకైన పుస్తకము కాదు, చేయుటకైనది. పాపమును, క్రీస్తు జీవితమును, ఆయన శ్రమను, పునరుత్థానమును క్రమముగా నాలుగు భాగములలో ధ్యానింతురు. ప్రక్కన ఒక నడిపించువాడు ఉండి ప్రతి దినము వినును. ఆయన రోమను కథోలికుడని మనలో కొందరు ముఖము త్రిప్పుకొందురు. బావి ఎవరు త్రవ్వినను నీళ్లు మంచివైతే త్రాగవచ్చునని నా అభిప్రాయము.

మూడవది ఫ్రాన్సు దేశములోని తేజే గ్రామము. దాని సంగతి తరువాత చెప్పెదను.

ఆ రెండవ గృహమువారు ఒక ఫారము పంపిరి. అందుకే అతడు నన్ను పిలిపించినది. నిద్ర పట్టుచున్నదా? మందులు వాడుచున్నారా? ఇంట మీమీద ఆధారపడినవారు ఎవరు? ప్రతి దినము ఎంతసేపు, ఏ రీతిగా ప్రార్థించుదురు? చివర, మిమ్మును ఎరిగిన కాపరి వ్రాయవలసిన సాక్ష్యము. చదువరీ, ఇది గమనింపుము. బాలి గృహమువారు అడిగినది డబ్బు కట్టు కార్డు సంఖ్య మాత్రమే. మౌనము లోతైన నీరు. ఈత వచ్చునా అని అడుగక దింపువాని యొద్దకు పోవద్దు. నీవు ఆ గృహమును గూర్చి విచారించుట మంచిదే. ఆ గృహము నిన్ను గూర్చి విచారించునో లేదో అది మరి ముఖ్యముగా చూడుము.

ప్రార్థన గడి యొద్ద అతని కలము ఆగెను. "ఏమి వ్రాయమందువు?" అని నేను అడిగితిని. చాలసేపు బాల్కనీ వైపు చూచెను. క్రింద ఎక్కడనో రైలు పోవుచుండెను. అప్పుడు చెప్పెను.

రెండేండ్ల క్రిందట అతని పైవారు అతనిని పిలిచి, జట్టులోనుండి ఆరుగురిని తీసివేయవలెను, పేర్లు సాయంకాలములోగా పంపుమనిరి. అతడు పంపెను. తన పేరు మరియొకరి జాబితాలో ఉండునేమోనని భయపడి, ఎదురు మాట చెప్పలేదు. ఆ ఆరుగురిలో ఒకడు దినమును అతనితో కూర్చుండి డబ్బా విప్పుకొని తిన్నవాడు. ఆ మనిషి ఇల్లు మియాపూరులోనే. "అప్పటి నుంచి మోకరిస్తే ఆ ఆరు పేర్లే వస్తాయి అయ్యగారూ. అందుకే దూరం పోదామనుకున్నాను."

సహోదరులారా, ఇతడు దేవుని వెదకుచు పోదలచినాడా, ఆరు పేర్లనుండి పారిపోదలచినాడా? రెండును అని నాకు తోచినది. మనుష్యుని హృదయము ఒక్క త్రాడుతో లాగబడునది కాదు. ఏలీయా కూడ హోరేబునకు పోయినప్పుడు దేవుని కొరకు పోయెనో, యెజెబెలుకు భయపడి పోయెనో ఎవరు విడదీసి చెప్పగలరు? అయినను ప్రభువు అతనిని గద్దింపలేదు. మొదట బదరీ వృక్షము క్రింద నిద్రపోనిచ్చెను. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మరల నిద్రపోనిచ్చెను. కొండమీద మాటలాడినది ఆ తరువాత. అప్పుడును, నీకు ఇక్కడ ఏమి పని అను ప్రశ్నతోనే మొదలుపెట్టెను.

కనుక నేను మొదట నిద్ర సంగతి అడిగితిని. రాత్రి అమెరికావారితో ఫోను మాటలు, తెల్లవారుజామున మూడు గంటలకు పడక, ఐదింటికి మెలకువ. ఇది ప్రార్థనతో మాత్రమే పోవు జబ్బు కాదు, వైద్యునికి చూపించుమంటిని. చదువరీ, నీ బిడ్డ నిద్రలేక, తిండి సహింపక, ఊరక కన్నీరు పెట్టుచున్నయెడల వానిని ముప్పది దినముల మౌనమునకు పంపకుము. ముందు వైద్యునియొద్దకు తీసికొని పొమ్ము. అది అవిశ్వాసము కాదు.

తరువాత కొండమీది ప్రసంగములోని అర్పణ సంగతి జ్ఞాపకము చేసితిని. బలిపీఠము యొద్దకు వచ్చినవానికి తన సహోదరుడు జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణ అక్కడనే విడిచి వెళ్లవలెను. ఈ మాట గలిలయవారు వినిరని మనము మరచుచున్నాము. బలిపీఠము యెరూషలేములో ఉన్నది. సహోదరుడు గలిలయలో ఉన్నాడు. నడుమ మూడు నాలుగు దినముల నడక, మరల వచ్చుటకు అంతే. ప్రభువు అంత నడకయు నడువుమనెను. తెల్లాపూరునుండి మియాపూరునకు మోటారు సైకిలుమీద అరగంట.

ఫారము నా బైబిలులో పెట్టుకొని, నలువది దినములైన తరువాత వ్రాసెదనని చెప్పి వచ్చితిని.

ఆ నలువది దినములకు ఒక పని ఇచ్చితిని. అది నా స్వంత ఆలోచన కాదు. అదే ఇగ్నేషియసు పుస్తకము మొదటి పుటలలో, పనుల ఒత్తిడిచేత ఇల్లు విడువలేనివాడు తన ఇంటనే ఉండి, దినమునకు గంటన్నర కేటాయించి, అదే క్రమమును మెల్లగా సాగింపవచ్చునని కలదు. స్పెయినునకు పోనక్కరలేదని స్పెయిను పుస్తకమే చెప్పుచున్నది. గంటన్నర అతనికి ఎక్కువ. పావుగంటతో మొదలుపెట్టుమంటిని. ఫోను వంటింటి డబ్బాలో పెట్టి, మార్కు సువార్తలో ఒక సంగతి చదివి, ఊరకుండుట. మొదటి వారము తన మనస్సు సంతలోని మేకవలె తిరిగెనని చెప్పెను. అది అందరికిని అంతే. ముప్పది సంవత్సరములుగా ప్రసంగములు చేయుచున్న వారికిని అంతే.

మూడవ వారములో అతడు మియాపూరునకు వెళ్లెను. తలుపు తీసినది ఆ మనిషి భార్య. మంచినీళ్లిచ్చెను. ఆ మనిషికి ఎనిమిది నెలలు పని దొరకలేదట. ఇప్పుడు తక్కువ జీతమునకు మరియొక చోట చేరెను. మా అబ్బాయి చెప్పదలచినది చెప్పెను. అతడు విని, "నువ్వు కాకపోతే ఇంకొకడు రాసేవాడు" అనెను. చిరునవ్వు లేదు. కౌగిలింత లేదు. టీ త్రాగి లేచి వచ్చెను. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు ఫోను ఎత్తిరి, ఇద్దరు ఎత్తలేదు. సమాధానపడుట అన్నది ప్రసంగములలో వలె ఒక్క సాయంకాలములో ముగియదు. అయినను ఆ రాత్రి ఎనిమిదవ పేరో, తొమ్మిదవ పేరో తనకు రాలేదని, ఉన్న ఆరు పేర్లతోనే ప్రార్థించితినని అతడు ఫోనులో చెప్పినప్పుడు నేను కొంతసేపు మాటలాడలేకపోతిని.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తును. ఇది ఆమె క్రొత్తగా అడిగినది కాదు. నాలుగవ శతాబ్దములో నిస్సా పట్టణపు అధ్యక్షుడు గ్రెగొరీ దీనినే గూర్చి ఒక ఉత్తరము వ్రాసెను. ఆ దినములలో యెరూషలేమునకు పోవుట భక్తిలో భాగమని కొందరు తలంచిరి. స్థలము మారినందువలన దేవుడు దగ్గరకు రాడనియు, పరిశుద్ధాత్మ యెరూషలేములో ఎక్కువగాను తమ కప్పదొకియలో తక్కువగాను లేడనియు ఆయన వాదించెను. ఆయన యెరూషలేమునకు వెళ్లి వచ్చి ఈ మాట చెప్పెను. వెళ్లివచ్చినవాడు చెప్పుట కొంత సులభమే అని దైవశాస్త్ర కళాశాలలో మేము నవ్వుకొంటిమి. అయినను మాట సత్యము. ప్రభువు తానే పెందలకడ లేచి ప్రార్థనకు పోయిన అరణ్యప్రదేశము కపెర్నహూమునకు ఎంత దూరము? సీమోను వెదకుచు వచ్చి పట్టుకొనగలిగినంత దూరము.

పైగా పరదేశులు వెదకునది కొంత మన దేశమునుండియే పోయినది. స్టాన్లీ జోన్సుగారు 1930లో నైనితాలు దగ్గరి సాత్‌తాల్ సరస్సుల యొద్ద క్రైస్తవాశ్రమమును స్థాపించెను. అక్కడ దొరయని, నౌకరని భేదము లేదు. ఆ దినములలో పాకీపని చేయువానికి సెలవిచ్చి, వచ్చిన అతిథులే ఆ పని చేయుచుండిరి. మొదటి కూటములో ప్రతివాడును తనకున్న అవసరమును మనస్సు విప్పి చెప్పవలెను. ఈ పద్ధతినే ఆయన 1940లో అమెరికాకు తీసికొనిపోయెను. మన తెలుగు దేశములోనే దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో నిశ్శబ్దముగా కనిపెట్టుటను వేలమందికి నేర్పెను. ఆయనతో కొన్ని విషయములలో నేను ఏకీభవింపను. ఈ విషయములో ఆయనకు ఋణపడియున్నాము. 1854 జనవరి ఒకటవ తేదీన సూర్యోదయ కాలమున జూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగు విశ్వాసులు ముగ్గురు ఒంగోలు గుట్టమీద ప్రార్థించిరి. అది ఊరి అంచున ఉన్న గుట్ట. ఇరువదినాలుగు సంవత్సరములకు, 1878 జూలై 3న, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇక తెల్లాపూరు స్టేషనులో రైలెక్కినవాడు వికారాబాదు దాటి ధారూరులో దిగవచ్చును. ప్రతి నవంబరులో అక్కడ మెథడిస్టువారి క్రైస్తవ జాతర జరుగును. కుటుంబములు గుడారములు వేసికొని చెట్ల క్రింద దినములు గడుపుదురు. అక్కడ మౌనము తక్కువ, పాటలు ఎక్కువ. మైకులు కొంత తగ్గించిన బాగుండునని నాకు ఎప్పుడును తోచును. అయినను తెల్లవారుజామున చెట్టు క్రింద ఒంటరిగా మోకరించిన ముసలివారిని చూచినవాడు మరువడు.

అట్లయిన పరదేశమునకు ఎందుకు పంపవలెను అందురు. నేను మొదట ఆ పక్షముననే ఆలోచించితిని. అయితే అబ్రాహామును, ఏలీయాను, పౌలును ప్రభువు దూరమునకు నడిపించెను గదా. పరిచయములేని చోట ఒక మేలు కలదు. అక్కడ నీవు ఎవరి పెద్దవు కావు, ఎవరి చిన్నవాడవు కావు. ఊరిలో ఏ వాడనుండి వచ్చితివో, కంపెనీలో ఏ హోదాయో ఎవరును అడుగరు.

తేజేలో అట్లే ఉండును. స్విట్జర్లాండు దేశపు ఒక పాదిరిగారి కుమారుడు రోజే 1940లో, యుద్ధకాలమందు, ఆ చిన్న గ్రామములో ఇల్లు కొని, పారిపోయి వచ్చిన యూదులకును ఇతరులకును ఆశ్రయమిచ్చెను. 1942లో తానే అక్కడనుండి తప్పించుకొనవలసి వచ్చెను. 1944లో మరల వచ్చెను. ప్రొటెస్టంటులు, కథోలికులు కలిసి జీవించు సహోదర సంఘము అక్కడ ఏర్పడెను. 2005 ఆగస్టు 16న సాయంకాల ప్రార్థనలోనే ఒక మతి చెడిన స్త్రీ ఆయనను పొడిచి చంపెను. సహోదరులు ఆ ప్రార్థనను విడువలేదు. ఇప్పుడును గంట మ్రోగినప్పుడు దినమునకు మూడు మారులు వేలకొలది యౌవనులు నేలమీద కూర్చుండి, చిన్న పల్లవిని పలు భాషలలో మరల మరల పాడి, తరువాత నిమిషముల తరబడి నిశ్శబ్దముగా ఉందురు. మిగిలిన వేళలలో గిన్నెలు కడుగుదురు, మరుగుదొడ్లు శుభ్రము చేయుదురు. భోజనము సాదా. బస డేరాలలో, లేక బారకాసులలో. రుసుము స్వల్పము. విమానపు ఖర్చే భారము.

నలువది దినములైన తరువాత అతడు మా ఊరికి వచ్చి, ముప్పది దినములు ఇప్పుడు వద్దు అనెను. బిడ్డ చిన్నది, నిద్ర ఇంకను కుదురుకొనలేదు. తేజేలో ఒక వారము చాలునని, ఈస్టరు తరువాత భార్యతో కలిసి పోవలెనని అనుకొనుచున్నాడు. అప్పు చేయకుండ పోగలవా అని అడిగితిని. పోగలనని లెక్క చూపెను. వీసా ఇంకను రాలేదు. ఆ వారము బిడ్డను చూచుటకు తల్లి తెల్లాపూరు పోవును. లిఫ్టు ఎక్కుటకు ఆమె ఇప్పటినుండియే భయపడుచున్నది. స్పెయినువారి ఫారము ఇంకను నా బైబిలులోనే ఉన్నది.

ఆమె నన్ను మరల అడిగినది. "అయితె గాడున్నడా అయ్యగారూ?" ఉన్నాడమ్మా, అక్కడికి పోయినవాడు తిరిగి వచ్చి మియాపూరు తలుపు మరల తట్టినప్పుడు నీకే తెలియునంటిని. ఆమె తల ఊపి, మేకలు చేనిలో పడెనని కేకలు వినబడగా పరుగెత్తెను.

మేము మా గుడిలో గురువారము తెల్లవారుజామున ఐదు గంటలకు, పాట లేక, ప్రసంగము లేక, అరగంట ఊరక కూర్చుండుట మొదలుపెట్టితిమి. మొదటి గురువారము నలుగురు వచ్చిరి. ఒకరు నిద్రపోయిరి. క్రిందటి గురువారము పదకొండుగురు. పాలు పితుకువారికి ఐదు గంటలు కష్టమగుచున్నదని పెద్దలు చెప్పుచున్నారు గనుక, వచ్చే నెలనుండి రాత్రి ఎనిమిదిన్నరకు మార్చి చూతుము.